ఆన్ చేయగానే "బ్యాటరీ మార్చండి" అంటున్న లాప్‌టాప్: డబ్బు పెట్టేముందు ఏం చూడాలి

మేడమ్, మీరు అడిగింది ఇదీ. మీరు చంద్రగిరిలో టీచరు. లాప్‌టాప్ కొని నాలుగేళ్ళయింది, ఎప్పుడూ టేబుల్ మీదే, చార్జర్ పెట్టే వాడతారు. కొన్నాళ్ళుగా ఆన్ చేయగానే, విండోస్ రాకముందే, నల్లటి స్క్రీన్ మీద బ్యాటరీ సామర్థ్యం చాలా తగ్గిపోయింది, మార్చాల్సి రావచ్చు అని ఇంగ్లీషులో హెచ్చరిక వస్తోంది. ఎంటర్ కొడితే మామూలుగా లోపలికి వెళ్తోంది. కరెంటు పోయినప్పుడు రెండున్నర గంటలు నడుస్తోంది కూడా. తిరుపతిలో ఒక షాపులో చూపిస్తే బ్యాటరీ పోయింది, మార్చాల్సిందే అన్నారు. మార్చాలా, అక్కర్లేదా?

ఇప్పుడే మార్చకండి. రెండున్నర గంటలు నడిచే బ్యాటరీని పోయిందనడానికి లేదు. హెచ్చరికకీ మీ గడియారానికీ పొంతన కుదరడం లేదు కాబట్టి, రెండింటిలో తప్పెవరిదో ముందు తేల్చాలి. దానికి పైసా ఖర్చు లేదు, ఒక సెలవు రోజు చాలు.

ముందు ఆ మాట ఎవరు చెబుతున్నారో చూద్దాం. విండోస్ ఇంకా లేవలేదు కాబట్టి అది బయోస్ చెప్పే మాట. బయోస్ అంటే విండోస్ కంటే ముందు లేచి లాప్‌టాప్‌ని మేల్కొలిపే చిన్న ప్రోగ్రామ్. బయోస్ బ్యాటరీని తానుగా కొలవదు. బ్యాటరీ ప్యాక్‌లో సెల్స్‌తో పాటు ఒక చిన్న సర్క్యూట్ బోర్డు, దాని మీద గేజ్ చిప్ ఉంటాయి. సెల్స్‌లోకి ఎంత కరెంటు వెళ్ళింది, ఎంత బయటికి వచ్చింది అన్నది ఆ చిప్ లెక్క రాస్తూ ఉంటుంది. మదర్‌బోర్డు మీది కంట్రోలర్ ఆ లెక్కని అడిగి తెచ్చి బయోస్‌కి ఇస్తుంది. తయారైనప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు నిండా చార్జ్ చేస్తే ఎంత పడుతుంది అనే రెండు అంకెల్ని బయోస్ పోల్చి చూస్తుంది. రెండోది మరీ తక్కువగా ఉంటే హెచ్చరిక వేస్తుంది. హెచ్‌పీ లాప్‌టాప్‌లలో కనబడే 601 నంబరు సందేశం ఈ రకానిదే.

అంటే బయోస్ చదివి వినిపిస్తున్నది చిప్ రాసిన లెక్కనే. ఆ లెక్క పాలఖాతా లాంటిది. రోజూ కాస్త కాస్త తేడా పడుతూ పోతుంది, ఎప్పుడో ఒకసారి కూర్చుని మొత్తం సరిచూసుకోకపోతే ఆ తేడా పెరుగుతూనే ఉంటుంది. గేజ్ చిప్ లెక్క సరిచూసుకునేది బ్యాటరీ నిండా చార్జ్ అయ్యి, తర్వాత దాదాపు ఖాళీ అయ్యేదాకా ఒకే ఊపులో దిగినప్పుడు. మీ లాప్‌టాప్ ఎప్పుడూ చార్జర్ మీదే ఉంటుంది కాబట్టి ఆ అవకాశం దానికి ఏళ్ళ తరబడి వచ్చి ఉండదు. 80 శాతం దగ్గర చార్జింగ్ ఆపే సెట్టింగు పెట్టుకున్నవాళ్ళకీ ఇదే జరుగుతుంది. ఆ సెట్టింగు మంచిదే, కానీ బ్యాటరీ నిండదు కాబట్టి చిప్‌కి పై హద్దు తెలియదు.

ఇక లెక్క చూద్దాం. విండోస్‌లో స్టార్ట్ దగ్గర సీఎండీ అని కొట్టి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. అందులో పి-ఓ-డబ్ల్యూ-ఇ-ఆర్-సి-ఎఫ్-జి అని ఇంగ్లీషు అక్షరాలు కలిపి కొట్టి, ఒక ఖాళీ వదిలి, ముందుకు వాలిన గీత పెట్టి, దాని వెంటే బ్యాటరీరిపోర్ట్ అని ఒకే పదంగా ఇంగ్లీషులో కొట్టి ఎంటర్ నొక్కండి. విండోస్ 8 నుంచి ఇది అన్నిటిలోనూ ఉంది. రిపోర్టు ఏ ఫోల్డర్‌లో పడిందో అక్కడే చెబుతుంది, దాన్ని బ్రౌజర్‌లో తెరవండి. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలు మిల్లీవాట్ అవర్లలో ఉంటాయి. బయోస్ పోల్చిన అంకెలు ఇవే.

మీది 41 వాట్ అవర్ల బ్యాటరీ అనుకుందాం, మామూలు లాప్‌టాప్‌లలో తరచుగా కనిపించే వాటిలో అదొకటి. రిపోర్టులో డిజైన్ 41,000 అని, ఫుల్ చార్జ్ 14,000 అని ఉందనుకోండి. 14 వాట్ అవర్లంటే, వర్డ్, బ్రౌజర్ లాంటి పనికి లాప్‌టాప్ ఒక 10 వాట్లు తీసుకుంటుందనుకుంటే, గంటన్నర కూడా రాకూడదు. మీకు రెండున్నర గంటలు వస్తోంది. అంటే సెల్స్ నుంచి 25 వాట్ అవర్ల దాకా బయటికి వస్తోంది, డిజైన్‌లో పదింట ఆరు వంతులు ఇంకా ఉన్నట్టే. లెక్కలో 14 ఉండి చేతికి 25 వస్తే తప్పు లెక్కదే. ఆ 10 వాట్లు నా అంచనా, మీ స్క్రీన్ వెలుతురుని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. అయినా అంత పెద్ద తేడా దానివల్ల రాదు.

అదే రిపోర్టులో కిందికి వెళ్తే బ్యాటరీ కెపాసిటీ హిస్టరీ అని వారాల వారీగా ఉంటుంది. షాపుల్లో చాలామంది దీన్ని తెరవరు, నాకైతే అన్నిటికంటే ఇదే ముఖ్యం. నిజంగా అరిగే బ్యాటరీ నెమ్మదిగా దిగుతుంది: 38, 36, 33 అని నెలల మీద. ఒక వారం 33 ఉండి తర్వాతి వారం 14కి పడిపోతే అది మామూలు అరుగుదల కాదు. గేజ్ లెక్క తప్పయినా ఉండాలి, లేదా ప్యాక్‌లో ఒక సెల్ దెబ్బతినైనా ఉండాలి. ప్యాక్‌లో సెల్స్ వరుసగా కలిపి ఉంటాయి కాబట్టి ఒక్కటి బలహీనపడినా, మిగతా వాటిలో చార్జ్ ఉండగానే, మొత్తం ప్యాక్ ఆగిపోతుంది.

ఈ రెండింటినీ విడదీయడం సులువే. పనులన్నీ సేవ్ చేసుకుని, నిండా చార్జ్ చేసి, చార్జర్ పీకేసి శాతం ఎలా దిగుతుందో గమనించండి. గబగబా పది లోపుకి పడిపోయి, ఆ తర్వాత ఏడు దగ్గరో ఎనిమిది దగ్గరో అతుక్కుపోయి చాలాసేపు నడుస్తూనే ఉంటే సెల్స్‌లో దమ్ముంది, గేజ్‌దే తప్పు. 30 శాతం, 40 శాతం చూపిస్తూ ఉన్నట్టుండి ఫట్‌మని ఆగిపోతే సెల్ పోయింది. అలాంటప్పుడు ఏ కాలిబ్రేషనూ, అంటే చిప్ లెక్కని సరిచేయడమూ, పనిచేయదు, మార్చడమే.

మీరు రాసినదాన్ని బట్టి మీది మొదటి రకం. కాబట్టి చిప్‌కి లెక్క నేర్పించాలి. కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో చార్జింగ్ 80 దగ్గర ఆపే సెట్టింగు ఉంటే ముందు తీసేయండి. హెచ్‌పీలో అది బయోస్‌లోనే బ్యాటరీ హెల్త్ మేనేజర్ పేరుతో ఉంటుంది, లెనోవోలో వాంటేజ్ యాప్‌లో కన్సర్వేషన్ మోడ్ అని ఉంటుంది. రాత్రి పూట, కాస్త చల్లగా ఉన్నప్పుడు నిండా చార్జ్ చేసి, నిండాక కూడా రెండు గంటలు చార్జర్ మీదే ఉంచండి. తర్వాత చార్జర్ తీసేసి ఖాళీ చేయాలి. విండోస్‌లో ఉంటే ఐదు శాతం దగ్గరో ఎక్కడో అదే హైబర్నేట్ అయిపోతుంది, అంటే పనిని డిస్కులో దాచి ఆగిపోతుంది, పూర్తిగా దిగనివ్వదు. అందుకని మేం చేసే పద్ధతి వేరు. లాప్‌టాప్ ఆన్ చేస్తూనే బయోస్ సెటప్‌లోకి వెళ్ళి ఆ స్క్రీన్ మీదే వదిలేస్తాం. హెచ్‌పీలో ఎఫ్10, డెల్‌లో ఎఫ్2, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1 కీ నొక్కితే సెటప్ వస్తుంది. అక్కడ హైబర్నేట్ ఉండదు కాబట్టి ప్యాక్‌లోని రక్షణ సర్క్యూట్ ఆపేదాకా దిగుతుంది. విండోస్ నడవడం లేదు కాబట్టి ఫైళ్ళకి భయం లేదు. సెటప్‌లో ఏ సెట్టింగూ మార్చకండి, ఊరికే తెరిచి ఉంచండి. ఆగిపోయాక రెండు మూడు గంటలు చల్లబడనిచ్చి, మధ్యలో ఆపకుండా నిండా చార్జ్ చేయండి. ఖాళీగా రోజుల తరబడి మాత్రం వదిలేయకండి, లిథియం బ్యాటరీకి అది చెరుపు.

థింక్‌ప్యాడ్ ఉన్నవాళ్ళకి ఈ తతంగమంతా వాంటేజ్ యాప్‌లోనే బ్యాటరీ గేజ్ రీసెట్ పేరుతో ఉంది, బటన్ నొక్కితే అదే చేసుకుంటుంది. డెల్‌లో ఎఫ్12 నొక్కి డయాగ్నోస్టిక్స్, హెచ్‌పీలో ఎఫ్2 నొక్కి బ్యాటరీ టెస్టు నడపొచ్చు. కానీ ఆ టెస్టులు కూడా అదే గేజ్ చిప్‌ని అడుగుతాయి. గేజ్ తప్పు చెబుతుంటే టెస్టూ తప్పే చెబుతుంది. షాపులో ఆ టెస్టు చూపించి "ఫెయిల్ అని వచ్చింది చూడండి" అంటే వెంటనే నమ్మకండి.

ఒకసారి చేశాక రిపోర్టు మళ్ళీ తీసి చూడండి. ఫుల్ చార్జ్ అంకె పెరిగితే హెచ్చరిక దానంతటదే పోతుంది. కొంచెమే పెరిగితే ఇంకొక్కసారి చేయండి. అంతకు మించి వద్దు, నెలనెలా అసలే వద్దు. ఇలా అడుగంటా ఖాళీ చేయడం లెక్క సరిచేయడానికే గానీ బ్యాటరీకి బలం కాదు.

అంకె సరైపోయినా హెచ్చరిక వస్తూనే ఉంటే కంట్రోలర్ పాత విలువని పట్టుకుని కూర్చుందన్నమాట. షట్‌డౌన్ చేసి, చార్జర్ పీకేసి, పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకోండి. థింక్‌ప్యాడ్‌లలో చాలావాటికి అడుగున పిన్ను దూరేంత చిన్న రంధ్రం ఉంటుంది, అందులో రీసెట్ బటన్ ఉంటుంది. అప్పటికీ పోకపోతే కంపెనీ సైట్ నుంచి మీ మోడల్‌కి సరిపడే బయోస్ అప్‌డేట్ చేయండి. ఇది మాత్రం చివర్లోనే. బ్యాటరీ మీద నమ్మకం లేనప్పుడు అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే మదర్‌బోర్డే పోయే ప్రమాదముంది. గాలివాన మబ్బు పట్టిన సాయంత్రాలు మన వైపు కరెంటు ఎలా పోతుందో మీకు తెలుసు. పొద్దున్నే, ఇన్వర్టర్ లైను మీద, బ్యాటరీ నిండా ఉన్నప్పుడు చేసుకోండి. ఇంకొకటి, బయోస్ అప్‌డేట్ తర్వాత బిట్‌లాకర్ (డిస్కుకి విండోస్ వేసే తాళం) రికవరీ కీ అడగవచ్చు. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ముందే చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి, లేకపోతే పిల్లల మార్కుల ఫైళ్ళన్నీ తాళం లోపల ఉండిపోతాయి.

ఇదే ఇబ్బందితో చదివే మిగతావాళ్ళ కోసం రెండు మాటలు. స్క్రీన్ మీద బ్యాటరీ అన్న మాట కనబడినంత మాత్రాన అది పెద్ద బ్యాటరీ గురించే కానక్కర్లేదు.

చాలా లాప్‌టాప్‌లలో గడియారాన్ని నడిపే చిన్న బిళ్ళ బ్యాటరీ ఒకటి విడిగా ఉంటుంది, సీమాస్ బ్యాటరీ అంటారు. ఎక్కువగా సీఆర్2032 రకం, 3 వోల్టులు. అది అయిపోతే సీమాస్ బ్యాటరీ లో అనో, చెక్‌సమ్ బ్యాడ్ అనో వస్తుంది. హెచ్‌పీలో 005 నంబరుతో రియల్ టైమ్ క్లాక్ పవర్ లాస్ అని, డెల్‌లో టైమ్ ఆఫ్ డే నాట్ సెట్ అని వస్తుంది. దీన్ని పోల్చుకోవడం తేలిక: ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్ళు వెనక్కి పోయి ఉంటుంది, బ్రౌజర్‌లో ఏ సైటు తెరిచినా కనెక్షన్ సురక్షితం కాదు అంటుంది. సైట్ల సర్టిఫికెట్లకి గడువు తేదీలుంటాయి కాబట్టి తేదీ తప్పితే అవి చెల్లనట్టు కనిపిస్తాయి. బిళ్ళకి అయ్యేది పదుల రూపాయల్లోనే. వైరు, కనెక్టరు అంటించి వచ్చే రకమైతే ఇంకాస్త ఎక్కువ. ఆ సందేశం చూసి వేల రూపాయల బ్యాటరీ వేయించుకున్నవాళ్ళు నా దగ్గరికి వస్తూనే ఉంటారు. తేదీ అప్పటికీ తప్పే చూపిస్తూ ఉంటుంది. కొన్ని కొత్త మోడళ్ళలో ఈ బిళ్ళే ఉండదు, గడియారం కూడా పెద్ద బ్యాటరీ మీదే నడుస్తుంది. అలాంటివి పూర్తిగా ఖాళీ అయితే ఒక్కసారి తేదీ పోయి ఆ సందేశం వస్తుంది. చార్జ్ చేసి తేదీ పెట్టుకుంటే చాలు.

రెండోది చార్జర్. డెల్‌లో ఏసీ అడాప్టర్ వాటేజ్, టైప్ తెలియడం లేదు, బ్యాటరీ చార్జ్ కాకపోవచ్చు అని ఒక సందేశం వస్తుంది. అందులో బ్యాటరీ అనే మాట పట్టుకుని జనం టెన్షన్ పడతారు. అసలు సంగతి అడాప్టర్ పిన్ మధ్యలో ఉండే సన్నటి సూదిది. డెల్ గుండ్రటి పిన్ చార్జర్లలో ఆ సూది ద్వారా, నేను ఇన్ని వాట్ల చార్జర్ని అని లాప్‌టాప్‌కి కబురు వెళ్తుంది. సూది వంగినా, వైరు పిన్ దగ్గర లోపల తెగినా, డూప్లికేట్ చార్జర్లో ఆ చిప్ లేకపోయినా కబురు అందదు. అప్పుడు లాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీ చార్జ్ కాదు, ప్రాసెసర్ కూడా నెమ్మదిస్తుంది. లాప్‌టాప్ స్లో అయింది, చార్జింగ్ ఎక్కట్లేదు అనే రెండు ఫిర్యాదులూ కలిసి వస్తే నేను మొదట చూసేది ఈ పిన్నునే. బయోస్‌లో అడాప్టర్ టైప్ అని ఉన్నచోట నన్ అనో అన్‌నోన్ అనో కనబడితే ఖాయం. అదే వాటేజ్ ఉన్న ఒరిజినల్ చార్జర్ స్నేహితుల దగ్గర తెచ్చి ఒకసారి పెట్టి చూడండి. బాగుంటే చార్జర్ మార్చండి, దానితోనూ వస్తే లాప్‌టాప్ జాక్ చూపించండి. ఆ బయోస్‌లో అడాప్టర్ హెచ్చరికలు ఆపే సెట్టింగు ఒకటుంది. కారణం తెలియకుండా దాన్ని ఆపితే మాట కనబడదు గానీ బ్యాటరీ చార్జ్ కాకపోవడం అలాగే ఉంటుంది.

టైప్ సీ లాప్‌టాప్‌లకి ఫోన్ చార్జర్ పెట్టేవాళ్ళకి కూడా హెచ్చరికలు వస్తాయి. ఫోన్ చార్జర్ మీద 65 వాట్లు అని రాసి ఉన్నా, చాలా చార్జర్లు ఆ 65 తమ కంపెనీ ఫోన్‌కే ఇస్తాయి. లాప్‌టాప్‌కి సాధారణంగా యూఎస్‌బీ పీడీ (టైప్ సీ చార్జింగ్‌కి అన్ని కంపెనీలూ వాడే ఉమ్మడి పద్ధతి) పద్ధతిలో 20 వోల్టులు కావాలి. చార్జర్ మీది అక్షరాల్లో 20 వోల్టుల వరస లేకపోతే అది లాప్‌టాప్‌కి సరిపోదు.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా చెప్పాలి, ఎందుకంటే హెచ్చరిక అబద్ధమే అని అందరూ తీసిపారేయడమూ నేను చూస్తున్నాను. 2010లో విండోస్ 7 వచ్చిన కొత్తలో, బ్యాటరీ మార్చడం గురించి ఆలోచించండి అనే సందేశం చూసి, కొత్త విండోసే బ్యాటరీల్ని పాడు చేస్తోందని చాలామంది గోల చేశారు. మైక్రోసాఫ్ట్ విచారించి, సందేశం సరిగ్గానే పనిచేస్తోంది, సామర్థ్యం డిజైన్‌లో 40 శాతానికి దిగాకే అది వస్తోంది అని జవాబిచ్చింది. పాత విండోస్‌లో ఆ కొలతే లేదు కాబట్టి అరుగుదల అంతకుముందు కనబడలేదు. అందుకే ఎంతసేపు నడుస్తోందో గడియారం పెట్టి చూడకుండా ఎటూ తేల్చకూడదు. హిస్టరీలో అంకె నెమ్మదిగా దిగుతూ వచ్చి, కాలిబ్రేట్ చేశాక కూడా కదలక, లాప్‌టాప్ నలభై నిమిషాలకే ఆగిపోతుంటే హెచ్చరిక నిజమే, బ్యాటరీ మార్చండి.

లాప్‌టాప్ అడుగున మూత ఉబ్బినా, టచ్‌ప్యాడ్ పైకి లేచినా, బల్ల మీద పెడితే ఊగినా ఈ పరీక్షలేవీ చేయకండి. బ్యాటరీ ఉబ్బింది. చార్జర్ తీసేసి, ఆఫ్ చేసి, నేరుగా సర్వీస్‌కి తీసుకెళ్ళండి. ఉబ్బిన ప్యాక్‌ని నొక్కడం, గుచ్చడం, చెత్తలో పడేయడం నిప్పుతో చెలగాటం. పాత బ్యాటరీల్ని వెనక్కి సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత 2022 నాటి నిబంధనల ప్రకారం వాటిని అమ్మే ఉత్పత్తిదారులదే. సర్వీస్ సెంటర్‌లో అడిగి ఇచ్చేయండి.

మార్చాల్సి వస్తే ప్యాక్ మీది పార్ట్ నంబర్, వోల్టేజ్ రెండూ పాతదానితో సరిపోవాలి. 7.6 వోల్టుల చోట 11.4 వోల్టులది కనెక్టర్ పట్టినా వేయకూడదు. థింక్‌ప్యాడ్‌లలో కంపెనీది కాని ప్యాక్ వేస్తే, ఈ బ్యాటరీకి సపోర్టు లేదు, చార్జ్ కాదు అని ఆన్ చేయగానే ఇంకో హెచ్చరిక రావచ్చు. కొత్తది వేసిన రోజే రిపోర్టు తీసి చూడండి. అయితే డూప్లికేట్ ప్యాక్‌లలో గేజ్ చిప్‌కి పెద్ద అంకె రాసి పంపేవాళ్ళున్నారు, కాబట్టి అంకెతో పాటు ఎన్ని గంటలు నడిచిందో కూడా చూసుకున్నాకే బిల్లు దాచండి. ఏళ్ళ తరబడి షాపులో పడి ఉన్న లిథియం ప్యాక్ వాడకుండానే అరుగుతుంది, తయారీ తేదీ అడగండి.

మీ వాడకం గురించి ఒక్క మాట. కరకంబాడిలో అమరరాజా బ్యాటరీలు తయారయ్యే చోట ఉండేవాళ్ళం కాబట్టి, బ్యాటరీ అనగానే మనకి ఇన్వర్టర్‌దే గుర్తొస్తుంది. అది లెడ్ యాసిడ్, నిండా చార్జ్‌లో ఉంటేనే దానికి సుఖం. లిథియం అందుకు వేరు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే గదిలో వంద శాతం చార్జ్‌తో రోజంతా చార్జర్ మీద ఉంటే అది త్వరగా అరుగుతుంది. కాలిబ్రేషన్ అయ్యాక 80 శాతం సెట్టింగు మళ్ళీ పెట్టేయండి. లాప్‌టాప్‌ని పరుపు మీద పెట్టి వాడకండి, అడుగున గాలి ఆడదు. కొండకి వెళ్తూ అలిపిరి దగ్గర ఎండలో ఆపిన కారులో లాప్‌టాప్ వదిలి వెళ్ళడం మన ఊళ్ళో మామూలైపోయింది. తలుపులు మూసిన కారులో వేడి బయటికంటే చాలా ఎక్కువ. బ్యాగు మీతో తీసుకెళ్ళలేని రోజున ఇంట్లోనే వదిలి వెళ్ళండి.

ముందు రిపోర్టు తీసి డిజైన్, ఫుల్ చార్జ్ అంకెలు, హిస్టరీలో చివరి రెండు మూడు నెలల వరుస ఇక్కడ రాయండి మేడమ్. లాప్‌టాప్ మోడల్, హెచ్చరిక నంబరు ఏదైనా కనబడితే అదీ రాయండి. కాలిబ్రేట్ చేయకముందు అంకెలు, చేశాక అంకెలు రెండూ ఉంటే మార్చాలో వద్దో కచ్చితంగా చెప్పగలను.